మ్యాచర్ తెలిసిన ఊరికి మాయిశ్చర్ ఎందుకు రాదు?

వరి కోతలయ్యాక నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఏ కొనుగోలు కేంద్రానికి పోయినా ఒకటే మాట వినిపిస్తుంది: "మ్యాచర్ వచ్చిందా?" వడ్లు కుప్పబోసి, టార్పాలిన్ కప్పి, టోకెన్ కోసం కాచుకున్న రైతుకు అంతకన్నా పెద్ద ప్రశ్న లేదు. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. "ఇంక రెండు రోజులు ఎండాలె, మ్యాచర్ రాలే" అని ఒకాయన అంటాడు. "నావి మొన్ననే వచ్చినయ్, గన్నీ సంచులే లేవంటున్రు" అని పక్క కుప్ప ఆయన అంటాడు. ఆ మాట ఇంగ్లీషు మాయిశ్చరే. కానీ ఇక్కడ మ్యాచర్ వచ్చిందంటే తేమ వచ్చిందని కాదు, తగ్గాల్సినంత తగ్గిందని. బడి ముఖం చూడని ముసలాయన కూడా ఆ మాటను తప్పు చోట వాడడు.

అదే ముసలాయన మనవరాలు మా తరగతిలో ఉంటుంది. సైన్సు పుస్తకంలో "బ్లాక్ సాయిల్ హోల్డ్స్ మాయిశ్చర్" అన్న చోట దాన్ని ఆపి, మాయిశ్చర్ అంటే ఏందని అడిగితే "తేమ మేడం" అని టక్కున చెప్తుంది. ఆ మాటతో ఒక వాక్యం చెప్పమంటే మాత్రం పక్క పిల్ల ముఖం చూస్తుంది. తాతకు అర్థం చెప్పడం రాదు గాని వాడటం వచ్చు. మనవరాలికి అర్థం వచ్చు గాని వాడటం రాదు. తాతకు ఆ మాట కాంటా దగ్గర, పది మంది నోట, వాక్యాల్లో దొరికింది. మనవరాలికి పాఠం చివర పట్టికలో, ఎదురుగా ఒక తెలుగు మాటతో దొరికింది.

నేను ఈ మండలంలోనే ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్తాను. నేనూ తెలుగు మీడియంలో చదివి, నల్లగొండలో డిగ్రీ చేసి వచ్చినదాన్నే. "మా పిల్లలకు ఇంగ్లీషు మాటలు ఎక్కువ నేర్పండి" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మాటల లెక్క పెంచడం అంత కష్టం కాదు. ఏ మాట నేర్పినా దాని వాక్యంతో నేర్పాలి, ఆ వాక్యం పిల్లల సొంత బతుకులోంచి రావాలి. అలా రాని మాట పరీక్ష దాకా ఉండి, ఎండాకాలం సెలవుల్లో పోతుంది.

పరాయి మాటలు మనకు కొత్త కాదు

నిజాం కాలంలో మా దిక్కు కచ్చేరీల్లో ఉర్దూ నడిచింది. పట్టా, పహాణీ, దరఖాస్తు, ఫైసలా, దవాఖాన, జమానత్ అన్నీ అలా వచ్చినవే. వీటిని ఎవరూ నిఘంటువు ముందు పెట్టుకొని నేర్చుకోలేదు. "దరఖాస్తు పెట్టుకున్న", "భూమి పట్టా అయింది", "పెద్దమనుషులు ఫైసలా చేసిన్రు" అని ప్రతి మాటా తన క్రియను వెంటబెట్టుకునే ఊళ్లోకి వచ్చింది. దరఖాస్తు 'పెట్టుకోవాలి', పట్టా 'కావాలి', ఫైసలా 'చేయాలి' అని ఏ పంతులూ చెప్పలేదు, అయినా ఎవరూ తారుమారు చేయలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు మాటలూ అదే తోవలో వస్తున్నాయి. మాది హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీది ఊరు. అద్దంకి రోడ్డు విడిపోయేది ఇక్కడే. బైపాస్, సర్వీస్ రోడ్, అండర్‌పాస్, యూటర్న్, టోల్ అన్నవి మా పిల్లలకు అక్షరాలు రాకముందే వచ్చిన మాటలు. మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది కాబట్టి ఓపీ, అడ్మిట్, డిశ్చార్జ్, స్కానింగ్ అనే మాటలు ముసలమ్మల నోట కూడా ఆడుతుంటాయి. ఇంత సరుకు చెవుల్లో పెట్టుకొని వచ్చిన పిల్లకు మనం "మీకు ఇంగ్లీషు రాదు" అని మొదలుపెడతాం. ఉన్నదాన్ని పలకరించకుండా లేనిదాని పట్టిక చేతిలో పెడతాం.

కండక్టర్ మామ

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 విద్యా సంవత్సరంలో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. తర్వాత ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా చేరింది. పుస్తకాలు రెండు భాషల్లో ఇచ్చారు, ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదుటి పేజీ తెలుగు. ఆసరా మంచిదే. కానీ చాలామంది పిల్లలు తెలుగు పేజీని అర్థం చేసుకుంటారు, ఇంగ్లీషు పేజీని బట్టీ పడతారు. రెండింటి నడుమ మాట మాత్రం చేతికి రాదు.

ఇప్పుడు మాటల కష్టం ఇంగ్లీషు పీరియడ్‌తో తీరదు, సైన్సులో, లెక్కల్లో, సాంఘికంలో కూడా ఉంటుంది. అక్కడ మరో చిక్కు, తెలిసిన మాటే తెలియని వేషంలో వస్తుంది. "కాపర్ ఈజ్ ఎ గుడ్ కండక్టర్ ఆఫ్ హీట్" అన్న వాక్యం చదివినప్పుడు ఒక పిల్లగాడు లేచి, "మేడం, మా మేనమామ గూడ కండక్టరే, నార్కట్‌పల్లి డిపోల" అన్నాడు. తరగతంతా నవ్వింది. నాకు మాత్రం పాఠం దొరికింది. కండక్ట్ అంటే వెంట తీసుకుపోవడం, నడిపించడం. బస్సులో ప్రయాణం నడిపించేవాడు కండక్టర్. వేడిని ఈ కొస నుంచి ఆ కొసకు తీసుకుపోయే రాగి తీగ కూడా కండక్టరే. బడిలో పరీక్ష కండక్ట్ చేస్తారు. బోర్డు మీద మూడు వాక్యాలు పడ్డాయి: "మై అంకుల్ ఈజ్ ఎ బస్ కండక్టర్." "కాపర్ కండక్ట్స్ హీట్." "అవర్ స్కూల్ కండక్ట్స్ ఎ టెస్ట్ ఎవ్రీ మంత్." మొదటిది ఇంటి నుంచి వచ్చింది, రెండోది పుస్తకం నుంచి, మూడోది వాళ్ల భయం నుంచి. ఆ మూడూ పక్కపక్కన ఉన్నాక విడిగా అర్థం రాయాల్సిన పని పడలేదు.

పవర్, వర్క్, కరెంట్, రూట్, టేబుల్, సెల్ అన్నీ ఇలాంటివే. సెల్ అంటే చేతిలో ఫోను, గడియారంలో బ్యాటరీ, జీవశాస్త్రంలో కణం, జైల్లో గది. ఒక అర్థం నేర్పి వదిలేస్తే మిగతా మూడు చోట్లా పిల్ల తప్పిపోతుంది.

మాట తెలియడమంటే ఏమిటి?

అర్థం ఒక్కటే తెలిస్తే మాట తెలిసినట్టు కాదు. దాని ఎల్లలు తెలియాలి, దాని వెంట ఏ మాటలు నడుస్తాయో తెలియాలి, వాక్యంలో అది ఏ కట్టుతో కూర్చుంటుందో తెలియాలి, ఎక్కడ అనవచ్చో ఎక్కడ అనకూడదో తెలియాలి.

ఎల్లల సంగతి చూడండి. తెలుగులో 'కోయడం' ఒకటే. వరి కోస్తాం, బత్తాయి కోస్తాం, ఉల్లిగడ్డ కోస్తాం, పూలు కోస్తాం. నిఘంటువులో కోయుటకు కట్ అని చూసిన పిల్ల "దే కట్ ది ఫ్లవర్స్ ఫర్ బతుకమ్మ" అని రాస్తుంది. అది తప్పని గట్టిగా అనలేం, కత్తెర పట్టి కోసినట్టు ఉంటుంది. చేత్తో తెంపితే పిక్ అనాలి, పంటను కోస్తే హార్వెస్ట్, ఉల్లిగడ్డను సన్నగా తరిగితే చాప్. పనికీ పనిముట్టుకూ తగ్గట్టు ఇంగ్లీషు నాలుగు మాటలుగా విడిపోయింది. ఇటునుంచి అటు కూడా అంతే. మనం నీళ్లు తాగుతాం, బీడీ తాగుతాం, మందు సీసాలో మందూ తాగుతాం. ఇంగ్లీషువాళ్లు నీళ్లు డ్రింక్ చేస్తారు, బీడీ స్మోక్ చేస్తారు, డాక్టరిచ్చిన మందు టేక్ చేస్తారు.

వెంట నడిచే మాటలు ఇంకా ముఖ్యం. గట్టి వాన హెవీ రెయిన్, గట్టి గాలి స్ట్రాంగ్ విండ్. వానను స్ట్రాంగ్ అనరు, గాలిని హెవీ అనరు. ఎందుకని అడిగితే నియమమేమీ లేదు, వాడుక అంతే. సంక్రాంతి ముందు రోజుల్లో మా రోడ్డు మీద ఉండేది హెవీ ట్రాఫిక్ అని టీవీ చూసే ప్రతి పిల్లకూ తెలుసు. దాన్ని పట్టుకొని హెవీ రెయిన్ నేర్పితే అతుక్కుంటుంది. తప్పు 'చేయడం' మేక్ ఎ మిస్టేక్, హోంవర్క్ 'చేయడం' డూ హోంవర్క్. మాటను ఒంటరిగా నేర్చుకుంటే ఈ జతలు ఎన్నటికీ తెలియవు.

వాక్యంలో కూర్చునే కట్టుకు సజెస్ట్ మంచి ఉదాహరణ. అర్థం సూచించడం. తేలికైన మాటే. అయినా డిగ్రీ చదివినవాళ్లు కూడా "హి సజెస్టెడ్ మి టు జాయిన్" అంటారు. అడ్వైజ్ అయితే "హి అడ్వైజ్డ్ మి టు జాయిన్" సరిపోయేది. సజెస్ట్ ఆ కట్టును ఒప్పుకోదు. "హి సజెస్టెడ్ దట్ ఐ జాయిన్" అనాలి, లేదా "హి సజెస్టెడ్ జాయినింగ్" అనాలి. తెలుగు అర్థాలు రెండింటికీ దగ్గరగానే ఉంటాయి, సలహా ఇవ్వడం, సూచించడం. ఆ అర్థాల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు. రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే వెంటనే కనిపిస్తుంది.

నిఘంటువులు నడిచిన తోవ

ఈ సంగతి నిఘంటువులు రాసినవాళ్లకు ముందే తెలుసు. సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. దాన్ని తిరగేస్తే చాలా మాటల కింద ఉత్త అర్థంతో ఆగకుండా కావ్యాల నుంచి, జనం నోటి నుంచి ప్రయోగాలు కనిపిస్తాయి. తెలుగు నేర్చుకోవలసిన పరదేశి కాబట్టి నేర్చుకునేవాడికి ఏం కావాలో ఆయనకు తెలుసు. తర్వాత మన ఇళ్లలో, బడి అలమరాల్లో చేరిన జేబు నిఘంటువులు ఎక్కువగా మాటకు మాటే ఇచ్చాయి. చదివి అర్థం చేసుకోవడానికి అవి చాలు. రాయడానికి, మాట్లాడడానికి చాలవు.

నిఘంటువే లేని భాషను ఎలా నేర్చుకోవాలో గిడుగు రామమూర్తి చూపించారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయన చేతిలో పుస్తకం లేదు, ఆ భాషకు లిపీ లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని తన దగ్గర పెట్టుకొని, మాట్లాడించి, విన్నది రాసుకున్నారు. ఆ వాక్యాల నుంచే వ్యాకరణం తేలింది, మాటల అర్థాలు తేలాయి. ఆయన సవర భాషా మాన్యువల్ 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన్ను తలుచుకుంటాం. పరాయి భాష నేర్చుకునేవాళ్లు కూడా ఆయన్ను తలుచుకోవాలి.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా నిఘంటువులు రాయాలన్న ఆలోచన లండన్‌లో కన్నా ముందు మన వైపే మొలకెత్తింది. మైకేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేశారు. బెంగాలీ పిల్లలు వాచకంలో అడుగడుగునా కొత్త మాట తగిలి ఆగిపోవడం చూసి, కొత్త మాటలు తక్కువగా, ఒక్కోటి మళ్లీ మళ్లీ వచ్చేలా వాచకాలు తయారుచేశారు. 1935లో వచ్చిన ఆయన నిఘంటువు దాదాపు 24,000 మాటలను, నుడికారాలను, ఎంపిక చేసిన 1,490 తేలిక మాటలతోనే వివరించింది. అర్థం చెప్పే మాట అడిగిన మాట కన్నా కష్టంగా ఉండకూడదన్నది ఆయన పట్టుదల.

ఆ తర్వాత ఎ.ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు చెప్తూ, ఇద్దరు సహచరులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ మళ్లీ వేసింది. ఇవాళ మన కాలేజీ పిల్లల చేతుల్లో ఉండే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని సంతానమే. ఏ క్రియ తర్వాత ఏ కట్టు వస్తుందో హార్న్‌బీ ప్రత్యేకంగా చూపించారు. సజెస్ట్‌కూ అడ్వైజ్‌కూ ఉన్న తేడా లాంటిది పట్టి చూపడమే ఆ నిఘంటువు పని.

ఒక మాటను దాని చుట్టూ చేరే మాటల ద్వారా తెలుసుకోవాలన్న ఆలోచనకు పేరు తెచ్చినవాడు జె.ఆర్. ఫర్త్. లాహోర్‌లో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసిన ఫర్త్, గుజరాతీతో పాటు మన తెలుగును కూడా పరిశీలించినవాడు. ఆయన బాటలో నడిచిన జాన్ సింక్లెయిర్ బర్మింగ్‌హామ్‌లో, జనం నిజంగా రాసిన, మాట్లాడిన ఇంగ్లీషును కంప్యూటర్లలో పోగుచేయించి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చారు. అందులో అర్థం కూడా పూర్తి వాక్యంగానే ఉంటుంది. అర్థమూ ఉదాహరణా వేర్వేరు అన్న గీత అక్కడ చెరిగిపోయింది.

మన దగ్గరా పనిచేసినవాళ్లున్నారు. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో హైదరాబాద్‌లో పెట్టిన సంస్థే ఇప్పటి ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. ఈనాడులో ఎం. సురేశన్ గారి స్పోకెన్ ఇంగ్లిష్ పాఠాలను కత్తిరించి ఫైళ్లలో దాచుకున్న తరం మాది. వాటి బలం సంభాషణలోనే ఉండేది. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోంచి పాఠం బయటికొస్తుంది.

ఎన్ని మాటలు కావాలి?

ఈ ప్రశ్నకు భయపెట్టే జవాబూ ఉంది, ధైర్యమిచ్చే జవాబూ ఉంది. న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం ఇంగ్లీషు నవలనో పత్రికనో ఇతరుల సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలి. మాటలు విని అర్థం చేసుకోవడానికి 6,000 నుంచి 7,000. పద కుటుంబమంటే డిసైడ్, డిసైడెడ్, డెసిషన్ లాంటివన్నీ కలిపి ఒకటి.

ధైర్యమిచ్చే జవాబు మైకేల్ వెస్ట్ దగ్గరుంది. ఆయన 1953లో ప్రకటించిన జాబితాలో ఉన్నవి సుమారు 2,000 మూల పదాలు. మామూలు రాతలో ప్రతి అయిదు మాటల్లో దాదాపు నాలుగు ఆ కుటుంబాలవే. అంటే మొదటి రెండు వేల మాటలు ఇచ్చే పంట మరే రెండు వేలూ ఇవ్వవు. గెట్, టేక్, కీప్, మేక్, రన్ లాంటి చిన్న మాటలను నాలుగైదు వాక్యాల్లో వాడగలిగిన పిల్ల, పత్రికల్లో తప్ప కనిపించని పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టిన పిల్ల కన్నా ముందు నోరు విప్పుతుంది. కోచింగ్ సెంటర్ల పోస్టర్ల మీద మెరిసే కఠిన పదాల జాబితాలు తర్వాతి మెట్టు. వాటిని మొదటి మెట్టు చేస్తే పిల్ల కాలు జారుతుంది.

నోటుబుక్కులో ఏం రాయాలి?

మా తరగతిలో మాటల నోటుబుక్కు పద్ధతి ఇది. కొత్త మాట ఎదురైతే ముందు పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు దించుకోవాలి. దాని కింద ఆ మాటకు ముందూ వెనకా వచ్చిన జతలు రాయాలి. ఆ తర్వాత సొంత వాక్యం. తెలుగు అర్థం చివరన. ముందే అర్థం రాస్తే మిగతా మూడూ రాయబుద్ధి కాదు, అందుకే ఈ వరస.

సొంత వాక్యానికి రెండు షరతులు పెట్టాను. అది నిజమై ఉండాలి, అంటే నీ ఇంట్లో, నీ చేనులో, నీ ఊళ్లో జరిగినదై ఉండాలి. రెండోది, ఆ మాటను వేలితో మూసి పక్కవాళ్లకు చూపిస్తే వాళ్లు ఊహించగలగాలి. "దిస్ ఈజ్ ఎ క్రౌడెడ్ ప్లేస్" అని రాస్తే క్రౌడెడ్ మూసినప్పుడు అక్కడ గుడ్, బిగ్, న్యూ ఏదైనా పడుతుంది. ఆ వాక్యం మాటకు ఏ సాయమూ చేయలేదు. "ది బస్ టు చెరువుగట్టు ఈజ్ సో క్రౌడెడ్ ఆన్ అమావాస్య దట్ వి స్టాండ్ ఆన్ వన్ లెగ్" అని ఒక పిల్ల రాసింది. అమావాస్యకు జడల రామలింగేశ్వరుని గుట్టకు పోయిన వాళ్లెవరైనా క్రౌడెడ్ మూసినా చదివేస్తారు.

రిలక్టెంట్ అనే మాటకు తెలుగులో అయిష్టత అని అర్థమిస్తే పిల్లలకు ఆ తెలుగు మాట కూడా కొత్తదే. దానికొక పిల్లగాడు రాసిన వాక్యం: "మై మదర్ వాజ్ రిలక్టెంట్ టు సెల్ ది బఫెలో, బట్ వి నీడెడ్ మనీ ఫర్ ది బోర్‌వెల్." రిలక్టెంట్ తర్వాత టు వస్తుందని, పని చివరికి జరిగినా మనసు ఒప్పుకోలేదని, అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. అబండన్డ్ కోసం ఇంకొకరు "ది ఓల్డ్ వెల్ ఈజ్ అబండన్డ్, నోబడీ డ్రాస్ వాటర్ ఫ్రమ్ ఇట్ నౌ" అని రాశారు. బోర్లు వచ్చి బావులు పడావుపడిన నేల మీద ఆ మాటకు అంతకన్నా మంచి ఉదాహరణ ఏ నిఘంటువులోనూ దొరకదు.

అచ్చు నిఘంటువులోని వాక్యాలు పనికిరావని నా ఉద్దేశం కాదు. మాట ఎలా కూర్చుంటుందో సరిగ్గా చూపించేది అదే. పిల్ల సొంత వాక్యంలో కట్టు తప్పవచ్చు. అందుకే పుస్తకం వాక్యం పైన, సొంత వాక్యం కింద. పైదాన్ని చూసి కిందిదాన్ని సరిచేసుకుంటారు.

రాసిపెడితే సరిపోదు, మళ్లీ గుర్తు చేసుకోవాలి. జర్మన్ పరిశోధకుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసి, నేర్చినది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఎక్కువగా పోతుందని, ఎడమిచ్చి మళ్లీ నేర్చుకుంటే నిలుస్తుందని చూపించాడు. ఇదే ఆలోచనతో సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఒక పెట్టె పద్ధతి చెప్పాడు. అట్టముక్కల మీద మాటలు రాసి, వచ్చిన మాటను వెనక అరలోకి, రాని మాటను ముందు అరలోకి పంపాలి. ముందు అర రోజూ తీస్తాం, వెనక అర వారానికోసారి. మా బడిలో అట్టముక్కలకు పెళ్లి శుభలేఖలు కత్తిరిస్తాం. మాఘమాసంలో వాటికి కొదవ ఉండదు. ఒక వైపు మాట రాస్తాం, రెండో వైపు ఆ మాట చోట ఖాళీ వదిలిన వాక్యం. తెలుగు అర్థం కార్డు మీద రాయం. ఖాళీ నింపగలిగిన పిల్లకు అర్థం వచ్చినట్టే.

తెలుగులో చేరి మారిన ఇంగ్లీషు

పిల్లల చెవుల్లో ముందే ఉన్న ఇంగ్లీషు మాటలే మన పెట్టుబడి. ఆ పెట్టుబడిలో కొన్ని చెల్లని నోట్లున్నాయి. మనం "ఆమె ఫీలయింది" అంటే బాధపడిందని. ఇంగ్లీషులో "షి ఫెల్ట్" అని ఆపితే వాక్యం పూర్తికాదు, ఎలా ఫీలయిందో చెప్పాలి: "షి ఫెల్ట్ హర్ట్." మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, వాళ్లకు నమ్మకం లేకపోవడం. "ఐ హావ్ ఎ డౌట్" అనే బదులు "ఐ హావ్ ఎ క్వశ్చన్" అంటే ఎక్కడైనా చెల్లుతుంది. మా హైవే పక్క హోటళ్లలో భోజనం తప్ప పడక ఉండదు. ఇంగ్లీషువాడు హోటల్ అంటే గది అడుగుతాడు, తినడానికైతే రెస్టారెంట్. ఆస్పత్రిలో "నాకు షుగర్ ఉంది" అంటే అందరికీ అర్థమవుతుంది. ఇంగ్లీషులో మాత్రం "ఐ హావ్ డయాబెటిస్." అడ్మిట్ మనకు ఆస్పత్రి మాట. "హి అడ్మిటెడ్ దట్ హి బ్రోక్ ది విండో" అన్నప్పుడు ఎవరూ మంచం ఎక్కలేదు, ఒప్పుకున్నాడంతే.

ఈ తేడాలను పిల్లలు తప్పులుగా చూడకూడదు. తెలుగులో ఆ వాడుక సరైనదే, అది మన భాష. ఇంగ్లీషులోకి పోయినప్పుడు దారి మారుతుందని తెలిస్తే చాలు. "మనం ఇట్లంటం, వాళ్లు అట్లంటరు" అని రెండు వాక్యాలు ఎదురెదురుగా రాయించడం నా పద్ధతి.

ఇంటి దగ్గర ఏం చేయొచ్చు?

హైవే హోటల్లో వంటపని చేసే ఒక తల్లి నాతో అన్నది: "మేడం, మా పోరికి అర్థాలన్నీ వస్తయి. మాట్లాడమంటే మాట్లాడది."

"రోజు రాత్రి నోటుబుక్కుల రెండు వాక్యాలు చదివించుకొని వినక్కా" అన్నాను.

"నాకేం తెలుస్తది మేడం?"

"నీకు తెలియకపోతేనే మంచిది. నీకు సమజయ్యేదాక తెలుగుల చెప్పమను."

అమ్మకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలంటే పిల్లకు ఆ వాక్యం నిజంగా అర్థమై ఉండాలి. ఒక మాటకు పొడిగా ఇంకో మాట అంటే అమ్మ ఒప్పుకోదు, "అంటే?" అని మళ్లీ అడుగుతుంది. ఆ ప్రశ్నే చదువు. ఇంగ్లీషు రాని తల్లి ఈ పనికి అడ్డం కాదు, అసలైన పరీక్షకురాలు.

ఫోను ఉన్న ఇంట్లో ఇంకో సౌకర్యం ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ సంస్థల లెర్నర్స్ నిఘంటువులు ఉచితంగా చూడొచ్చు. ప్రతి అర్థానికీ ఉదాహరణ వాక్యం ఉంటుంది, ఉచ్చారణ వినిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అత్యవసరమైన 3,000 మాటలను విడిగా గుర్తు పెట్టి చూపిస్తారు. ఆ గుర్తున్న మాటకు ముందు సమయం ఇవ్వండి, లేనిదాన్ని అర్థం చూసి దాటేయండి. తెలుగు అర్థం కావాల్సినప్పుడు ఆంధ్రభారతిలో బ్రౌన్‌తో సహా పాత నిఘంటువులు ఒకేచోట దొరుకుతాయి. అనువాద యాప్‌లో మొత్తం వాక్యం పెట్టి తెలుగు చదువుకోవడం మాత్రం రెండు భాషల పాఠ్యపుస్తకంలో తెలుగు పేజీ చదవడం లాంటిదే. పని అయిపోతుంది, మాట చేతికి రాదు. పుస్తకం కొనేవాళ్లకు ఒక సలహా. కొట్లో నిఘంటువు తీసి సజెస్ట్ అన్న మాట చూడండి. దాని కింద వాక్యాలుంటే తీసుకోండి, ఉత్త 'సూచించు' అని ఉంటే పక్కన పెట్టండి.

పరీక్షలు పెట్టే మా ఉపాధ్యాయులకూ ఒక మాట. యూనిట్ టెస్టులో పది మాటలకు అర్థాలు రాయమంటే దిద్దడం సులువు. అందులో అయిదింటిని తీసేసి, మిగిలిన అయిదింటితో తమ ఊరి గురించి వాక్యాలు రాయమందాం. దిద్దడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, చదవడానికి మాత్రం బాగుంటుంది. ఏది అడుగుతామో పిల్లలు అదే నేర్చుకుంటారు.

పెద్దవాళ్లు కూడా ఇంగ్లీషు మొదలుపెట్టాలనుకుంటే కొత్త జాబితా కోసం వెతకొద్దు. రోజూ తెలుగులో అనే ఇంగ్లీషు మాట ఒకటి తీసుకోండి, పాస్ అనుకుందాం. బస్ పాస్, పరీక్ష పాస్, టైంపాస్, బైపాస్ అని మనకు ముందే నాలుగు తెలుసు. ఇప్పుడు లెర్నర్స్ నిఘంటువులో పాస్ తీసి "కుడ్ యూ పాస్ ది సాల్ట్?" అన్నది చూడండి. "త్రీ ఇయర్స్ హావ్ పాస్డ్" అన్నది చూడండి. "మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవే లాస్ట్ ఇయర్" అన్నది చూడండి. మీ ఇంటి సంగతితో ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాసి, ఎవరికైనా వినిపించండి. ఆ తర్వాత చార్జ్ తీసుకోండి, కవర్ తీసుకోండి, లైన్ తీసుకోండి. నెల తిరిగేసరికి నోటుబుక్కులో ఉండేవి తెలిసిన మాటలే. వాటితో మీరు చెప్పగలిగే సంగతులు మాత్రం ఇదివరకు ఇంగ్లీషులో చెప్పలేకపోయినవి.